జలుబు చేసిన సీకు

మా మునిసిపాలిటీ ఆఫీసులో, పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాసుకునే బల్లకి ఎదురుగా, గోడ మీద ఒక ఫోటో ఉంది. మధ్యలో తల దూర్చే ఎర్ర దుప్పట్లు తొడుక్కున్న పిల్లలు రెండు వరసల్లో నిలబడి సీకులు, మా గడ గొట్టాల వాయిద్యాలు, ఊదుతుంటారు. ముందు వరసలో కుడి చివర, బుగ్గలు పొంగించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఊదుతున్న పిల్ల నియెవెస్. ఫోటో కింద పెద్ద పెద్ద అక్షరాలతో ‘మన ఊళ్ళో అందరికీ చోటుంది’ అని రాయించారు. పని మీద అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళు దారిలో నన్ను ఆపి మరీ, “ఎంత బాగుందో తాతా ఆ ఫోటో! ఆ పిల్లని కూడా కలుపుకున్నావు, నీది పెద్ద మనసు” అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. వాళ్ళ మీద కాదు, నా మీద నాకే. ఆ రోజు ఆ పిల్ల సీకులోంచి ఒక్క స్వరం కూడా రాలేదు. రాకుండా చేసినవాణ్ణి నేనే.

చెప్పేస్తాను. డెబ్బై ఒకటి వచ్చాయి నాకు, ఇంకా దాచుకుని ఏం చేసుకోను?

నా పేరు నజారియో. ఊరంతా తాత అనే పిలుస్తుంది. సీకులు చేయడం నా పని, మా ఊరి మేళాన్ని నడిపించడం నా పిచ్చి. నా నోరు మంచిది కాదని మా కొండల మీది సరస్సుకి ఈ ఒడ్డున ఎవర్నడిగినా చెబుతారు.

నియెవెస్ మా కింది వీధిలో ఇలారియా కూతురు. పుట్టిన రోజున మంచు పడింది కాబట్టి మంచు పేరే పెట్టారు. తండ్రి బంగారు గనుల్లో పనికని వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లకి ఆరు నెలలప్పుడు పట్నంలో డాక్టరు చూసి, “బుద్ధి నెమ్మదిగా ఎదుగుతుంది. గుండెలో చిల్లు కూడా ఉంది. ఇంత ఎత్తు మీద గాలి దీనికి పడదు, కిందికి, సముద్రం వైపు తీసుకెళ్ళిపో” అన్నాడట. ఇలారియా ఆ మాట చెప్పి, “సముద్రం దగ్గర నాకెవరున్నారు తాతా? నా బంగాళాదుంపలు అక్కడ పండుతాయా, నా గొర్రెలు అక్కడ మేస్తాయా?” అని పకపకా నవ్వింది. అంత నవ్వూ నవ్వి, మా ఇంటి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

బళ్ళో రెండేళ్ళు వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. మూడో ఏడు పంతులమ్మ, ఇలాంటి పిల్లల బడి పట్నంలో ఉంది, అక్కడ చేర్చమంది. పట్నానికి బస్సులో మూడు గంటలు. అంతటితో ఆ పిల్ల చదువైపోయింది. పద్దెనిమిది గొర్రెల వెంట తిరిగేది. లెక్క రాదు గానీ సాయంత్రం మంద దొడ్డికి చేరగానే ఏది రాలేదో ఇట్టే చెప్పేసేది. మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ గట్టిగా, ఒక్కోటీ విడివిడిగా పలికేది. ఎవరు ఎదురొచ్చినా ఆగి, చెయ్యి చాపి, పెద్దమనిషిలా పలకరించేది. జనం చెయ్యి కలిపేవాళ్ళు, పక్కకి తిరిగి “అయ్యో పాపం” అనుకునేవాళ్ళు. నేనూ అనుకున్నవాణ్ణే.

శనివారం శనివారం బడి ఆవరణలో పిల్లలకి నేను సీకు నేర్పేవాణ్ణి. నియెవెస్‌కి పదకొండేళ్ళప్పుడు ఒక శనివారం మునిసిపాలిటీ నుంచి మారిబెల్ అనే అమ్మాయి దిగింది. వికలాంగుల విభాగంలో కొత్తగా చేరింది, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చంకలో ఫైలు.

“తాతా, మీ శనివారం బళ్ళో నియెవెస్‌ని కూడా చేర్చుకోవాలి. ఊరి పిల్లలందరికీ అనే కదా మీరు పెట్టింది?”

“అందరికీ అంటే ఊదగలిగిన అందరికీ అని, అమ్మాయ్.”

“ఆ మాట మీరు మాకిచ్చిన కాగితంలో లేదే!”

“కాగితం రాసింది నేను కాదు, పంతులు.”

“సంతకం మీదే.”

పిల్లలందరూ కిసుక్కున నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “సరే తీసుకురా, ఓ మూల కూర్చుని వింటుంది” అన్నాను. “మూల కాదు తాతా, వరసలో” అంది మారిబెల్. పట్టిన పట్టు వదిలే రకం కాదు.

ఇక్కడ మా వాయిద్యం సంగతి కాస్త చెప్పాలి. సీకు అంటే పొడుగు నుంచి పొట్టికి వరసగా కట్టిన గడ గొట్టాలు. కానీ పాటకి కావలసిన స్వరాలన్నీ ఒక్క సీకులో ఉండవు. సగం స్వరాలు ఆరు గొట్టాలదాంట్లో ఉంటాయి, దాన్ని ఇరా అంటాం. మిగతా సగం ఏడు గొట్టాలదాంట్లో, అది ఆర్కా. ఇరా ముందు పలుకుతుంది, ఆర్కా బదులిస్తుంది. ఎంతటి మొనగాడైనా ఒక్కడే నిలబడి పాట వాయించలేడు, పక్కన జోడీ ఉండాల్సిందే.

మేళంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. పండగనాడు ఎవరొచ్చి వరసలో నిలబడినా కాదనం. తప్పు ఊదినవాడిని నువ్వు తప్పు ఊదావని చచ్చినా అనం. అలా మొహం మీద అనడం కంటే అమర్యాద మా దగ్గర లేదు. మరీ గోలగా ఉంటే మేళం పెద్ద అందరి వైపూ చూసి, “ఒకళ్ళనొకళ్ళం వింటూ ఊదుదాం” అంటాడు, అంతే. ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతుంది. తగలకపోతే పాట వాణ్ణి కూడా మోసుకుంటూ పోతుంది. మా నాన్న అలాగే నడిపించాడు, వాళ్ళ నాన్నా అంతే.

నియెవెస్‌ని తెచ్చి నిలబెట్టగానే, “దీనికి జోడీ ఎవరు?” అని అడిగాను. పిల్లలందరూ చెప్పులకేసి చూసుకున్నారు. అప్పుడు నా మనవరాలు లుస్మిలా, తొమ్మిదేళ్ళది, నా నోరే వచ్చింది దానికి, ముందుకొచ్చింది.

“నా పక్కన నిలబడుతుంది. మీవన్నీ చచ్చు మొహాలు!”

“నీకేం తెలుసే నేర్పడం?”

“నువ్వు నేర్పకు తాతా, నువ్వు అరుస్తావు. అరిస్తే అది చెవులు మూసుకుంటుంది. నేను చూసుకుంటాలే.”

చూసుకుంది కూడా. లుస్మిలాది ఇరా, నియెవెస్ చేతికి ఆర్కా. మొదటి ఏడాదంతా నియెవెస్ సీకు పట్టుకుని నిలబడటమే. రెండో ఏడు మూడో గొట్టం ఒక్కటి పట్టుబడింది. ఆ స్వరం వచ్చే చోట లుస్మిలా మోచేత్తో పొడిచేది, ఇది ఊదేది. ఊదాక ఇంత మొహం చేసుకుని చుట్టూ చూసేది. “అయ్యిందా? బాగుందా?” “బాగుందిలే, మళ్ళీ వస్తోంది, చూసుకో!” ఇదే సంత. మెల్లగా మూడోదాని పక్క గొట్టాలు, ఆ తర్వాత కొసనున్నవి. నాలుగో ఏటికి మోచెయ్యి అక్కర్లేకుండా పోయింది. లుస్మిలా గడ్డం కదలిక చూసి తన వంతు పట్టేసేది. ఎటొచ్చీ ఒక రవ్వ ఆలస్యంగా వచ్చేది. ఎప్పుడూ అదే రవ్వ. లుస్మిలా ఆ రవ్వకి అలవాటు పడిపోయింది.

ఆ ఏడు మే నెలలో మా శిలువ పండగకి పిల్లల మేళం పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా గుండ్రంగా తిరుగుతూ వాయించింది. నియెవెస్ పెదాలు నీలమయ్యాయి, కూర్చోమంటే కూర్చోలేదు. “నా వంతు” అంటుంది. ఎండేసిన దుంపలు ఉడకబెట్టి, పైన జున్ను వేసి, ఇలారియా ఒక పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నా కూతుర్ని చూసి జనం జాలిపడని రోజు ఇదే మొదటిది తాతా” అంది. “ఇవాళ దాని వంక ఎవరూ చూడనే లేదు. అందరూ డాన్సు చేస్తున్నారు.”

ఆ పళ్ళెం తిన్న నోటితోనే తర్వాత అంత పని చేశాను.

జిల్లా పట్నంలో ఫిబ్రవరిలో పిల్లల మేళాల పోటీ జరుగుతుంది. అంతకుముందు ఏడు మేం వెళ్ళి ఆఖరున వచ్చాం. ఆర్కాల వరస ఆలస్యమని న్యాయనిర్ణేతలు రాశారు. మైదానం బయట పక్క ఊరి మేళం పెద్ద అగాపితో, నా ఈడువాడే, నలుగురిలో నన్ను పట్టుకున్నాడు.

“ఏం నజారియో, మీ ఊళ్ళో ప్రతిధ్వనిక్కూడా ఎర్ర దుప్పటి తొడిగి వరసలో నిలబెడతారా?”

చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనే ఉన్న నియెవెస్ కూడా అందరితోపాటు నవ్వింది. తననే అన్నారని దానికి తెలియదు. అగాపితో చెయ్యి పట్టుకుని ఊపి మరీ పలకరించింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు అగాపితో మీద కంటే ఆ పిల్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

మరుసటి ఏడు పోటీ దగ్గరపడే కొద్దీ నాకు నిద్ర పట్టలేదు, తిండి సయించలేదు. ఆ రవ్వంత ఆలస్యం తప్ప నా చెవికి ఇంకేమీ వినపడదు. పోనీ ఆ పిల్లని రావద్దందామా? మా దగ్గర ఆ మాట ఎలా అంటారు? నేను మేళం పెద్దని, మా నాన్న కొడుకుని. నువ్వు తప్పు ఊదుతున్నావని ఒక పిల్ల మొహం మీద అంటానా? అనను, పరువు పోదూ! అంచేత ఆ అనని మాటకి ఇంకో దారి వెతికాను. ఇంత తెలివి నాకెక్కణ్ణుంచి వచ్చిందో!

పోటీకి ముందురోజు నియెవెస్‌ని పిలిచి, “సీకు ఇలా ఇయ్యి తల్లీ, మెరుగు పెట్టి రేపిస్తాను” అన్నాను. రెండు చేతులతో ఇచ్చింది. నేను సీకులు చేసేవాణ్ణి. స్వరం కాస్త పెంచాలంటే గొట్టంలో నాలుగు కినువా గింజలు వేస్తాం, లేదా మైనం చుక్క. ఎక్కడ ఎంత వేస్తే ఏమవుతుందో నా వేళ్ళకి తెలుసు. గొర్రె ఉన్ని ఉండలు చేసి ఒక్కో గొట్టంలో కూరాను, పుల్లతో దట్టించాను, పైన మైనం కరిగించి పోశాను. పైనుంచి చూస్తే తెలియకుండా గోరంత లోతు వదిలాను. ఏడు గొట్టాలకీ పావుగంట పట్టలేదు. ఊది చూశాను. ఉఫ్ మని గాలి తప్ప ఏమీ లేదు. దాని చోటు దానికుంది, వరసలో నిలబడుతుంది, అందరితోపాటు ఊదుతుంది, ఎవరికీ నొప్పి లేదు అనుకున్నాను. నేనేదో మంచిపని చేసినట్టే అనుకున్నాను, ఛీ.

పోటీలో మాకు రెండో స్థానం వచ్చింది. బహుమతిగా కొత్త డోలు ఇచ్చారు. ఆగస్టులో పెద్ద పట్నం పూనోలో జరిగే పెద్ద పోటీకి కూడా పిలుపొచ్చింది. మారిబెల్ ఆనందం పట్టలేక కెమెరాతో అటూ ఇటూ పరిగెత్తింది. గోడ మీది ఫోటో అప్పుడు తీసిందే.

మైదానంలోంచి బయటికి వస్తుంటే నియెవెస్ సీకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. కళ్ళు చికిలించి గొట్టాల్లోకి చూసింది. మళ్ళీ ఊపింది. లుస్మిలా నా దగ్గరికొచ్చింది.

“తాతా, నా పక్కన ఆర్కా పలకలేదు.”

“భయపడి ఊది ఉండదు.”

“ఊదింది. బుగ్గలు చూశాను.”

“ఇంతమందిలో నీకేం వినపడిందే? పో, డోలు పట్టుకో.”

అది వెళ్ళి డోలు పట్టుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి వారం నియెవెస్ మా ఇంటికొచ్చింది. గుమ్మంలో ఆగి, చెయ్యి చాపి, పలకరింపు అయ్యాక, శాలువా మూట విప్పి సీకు తీసింది. ఒక చేత్తో తన గొంతు తడిమి చూపించింది.

“తాతా. దీనికి జలుబు. మందు వెయ్యి.”

తెలిసిపోయిందా అని మొహంలోకి చూశాను. అక్కడ నమ్మకం తప్ప ఇంకేమీ లేదు. సీకులు చేసే తాత కదా, బాగుచేస్తాడు.

“అలాగే తల్లీ. వచ్చే శనివారానికి” అన్నాను. సీకుని కనీసం తిప్పి కూడా చూడలేదు. మొహం పక్కకి పెట్టుకుని, తీసుకెళ్ళి కొట్టంలో మేకుకి తగిలించాను.

వచ్చే శనివారం వచ్చింది. “తగ్గిందా?” అని అడిగింది. “ఇంకా లేదు.” “ఓహో” అని, ఆ పిల్ల కొట్టంలోకి వెళ్ళి, పాత శాలువా చించి తెచ్చిన ఉన్ని పేలికని సీకు మెడకి చుట్టి ముడి వేసింది. జలుబు కదా, వెచ్చగా ఉండాలి. ఇంకో సీకు ఇస్తే పుచ్చుకోలేదు. “నాది అది” అంది. ఆ శనివారం నుంచి వరసలో లుస్మిలా పక్కన వట్టి చేతులతో నిలబడటం మొదలుపెట్టింది. తన వంతు వచ్చినప్పుడల్లా గడ్డం పైకెత్తేది.

పావుగంటలో మూసింది నేను, అరగంటలో తెరవగలను. ఎందుకు తెరవలేదంటే, ఆగస్టు కోసం. పూనో పోటీ అయిపోతే తెరుద్దాం, అప్పుడు ఎంత ఆలస్యంగా ఊదినా ఊదుకోనీ అనుకున్నాను. ఒక్కో శనివారం వస్తుంది, “తగ్గిందా?” అంటుంది, “ఇంకా లేదమ్మా” అంటాను. పేలిక ముడి సర్ది వెళ్ళిపోతుంది. మార్చి అయింది, ఏప్రిల్ అయింది, దుంపలు తవ్వాం. మేలో శిలువ పండగకి సీకు లేకుండానే నిలబడింది. ఇలారియా పళ్ళెం పట్టుకుని వచ్చింది గానీ ఈసారి ఏమీ మాట్లాడలేదు. నేను తలెత్తి ఆమెని చూడలేకపోయాను.

జూన్‌లో, మాకు అదే చలికాలం, చలి ముదిరింది. గడ్డకట్టిన దుంపల్ని పొలంలో పరిచి, పొద్దెక్కాక వట్టి కాళ్ళతో తొక్కి నీరు పిండే రోజులవి. నియెవెస్ వాళ్ళమ్మతో కలిసి తొక్కుతూ ఉన్నట్టుండి ఆగిందట. “అమ్మా, కూర్చుంటా” అందట. పెదాలు నీలం, గోళ్ళు నీలం. అలా చాలాసార్లు అయ్యేది, కాసేపటికి తేరుకునేది. ఈసారి తేరుకోలేదు. ఆరోగ్య కేంద్రం నర్సు గాలి సిలిండరు తెచ్చేసరికి మధ్యాహ్నమైంది, అప్పటికే అయిపోయింది. పదహారో ఏడు ఇంకా నిండలేదు. చర్చిలో చావు గంట కొడుతుంటే ఎవరా అనుకుంటూ వీధిలోకి వచ్చాను. లుస్మిలా ఎదురుగా పరిగెత్తుకొచ్చి నన్ను చూసి ఆగిపోయింది. చెప్పక్కర్లేకపోయింది.

మా దగ్గర పోయినవాళ్ళకి ఇష్టమైనవి పెట్టెలో పెడతాం. ఇలారియా కూతురి చెప్పులు పెట్టింది, గొర్రెల్ని అదిలించే వడిసెల పెట్టింది. పెట్టె మూసేముందు నావైపు తిరిగింది.

“తాతా, సీకు?”

గదినిండా జనం. మూగ సీకుని ఆ చేతుల్లో ఎలా పెట్టను? “ఇంకా... బాగవలేదమ్మా” అన్నాను.

“సరే” అంది ఇలారియా. మూత వేయమని చెప్పింది.

ఎనిమిదో రోజు దినం అయ్యాక కొట్టంలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, సీకు దించాను. పేలిక ముడి విప్పలేక ఏడ్చాను. అంత గట్టిగా కట్టింది. తీగ కాల్చి మొదటి గొట్టంలో మైనం కరిగించి ఉన్ని లాగాను. రెండోది లాగాను. మూడో గొట్టంలో తీగ పెడితే అడుగుదాకా దిగిపోయింది. మైనం లేదు, ఉన్ని లేదు. వెలుగులోకి తెచ్చి చూశాను. శుభ్రంగా ఉంది. పెదాలకి ఆనించి ఊదితే చక్కగా పలికింది. ఏడు గొట్టాలూ నా చేత్తో మూశాను, నాకు బాగా గుర్తుంది. ఫిబ్రవరి నుంచి అది నా మేకుకే వేలాడుతోంది. అంటే నా దగ్గరికి రాకముందే ఎవరో ఆ ఒక్కటీ తెరిచారన్నమాట. తెరిచి, ఏముందో చూసి, మిగతావి అలాగే ఉంచి పంపారన్నమాట.

పూనో పోటీకి మేళాన్ని తీసుకెళ్ళలేదు. అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పాను.

నవంబరులో చనిపోయినవాళ్ళ పండగ. సమాధి మీద నల్ల గుడ్డ పరిచి, రొట్టె బొమ్మలు, చెరుకు గడలు, ఉడికిన దుంపలు పెడతారు. వచ్చినవాళ్ళు ప్రార్థన చేస్తారు, మేళంవాళ్ళు పాట వాయిస్తారు, ఇంటివాళ్ళు పళ్ళెంలో భోజనం పెడతారు. నియెవెస్‌కి అది మొదటి ఏడు. ఇలారియా పాపాయి ఆకారంలో రొట్టె చేయించింది, దానికి ఎర్ర దుప్పటి కూడా కప్పింది. ఏడు గొట్టాలూ తెరిచిన సీకుని నేను శాలువాలో దాచుకుని వెళ్ళాను. అక్కడ పెట్టేసి వచ్చేద్దామనుకున్నాను.

లుస్మిలా తన ఇరా తీసి శిలువ పండగ పాట మొదలుపెట్టింది. ఒక్కతే. రెండు స్వరాలు, ఖాళీ. మూడు స్వరాలు, ఖాళీ. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు వంచుకున్నారు. నేను తట్టుకోలేకపోయాను. శాలువాలోంచి ఆర్కా తీసి నోటి దగ్గర పెట్టుకున్నాను.

లుస్మిలా ఆపేసింది.

“నువ్వు ఊదకు తాతా.”

“పాట సగమే వస్తోంది కదే.”

“తెలుసు” అంది. నా మనవరాలు నాతో అంత మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి. మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

ఇలారియా నా చేతిలోంచి సీకు తీసుకుంది. శాలువా చెంగుతో తుడిచి, రొట్టె పాప పక్కన పెట్టింది. పళ్ళెంలో దుంపలు, వేయించిన చిన్న చేపలు వడ్డిస్తూ, తల ఎత్తకుండానే మాట్లాడింది.

“పోటీ నుంచి వచ్చిన సాయంత్రం ఒకటే గొడవ, పలకట్లేదు పలకట్లేదని. దానికి ఇష్టమైన గొట్టంలో అల్లిక సూది పెట్టి లాగితే ఉన్ని వచ్చింది. ఎలా వచ్చిందో నాకు అర్థమైంది.”

పళ్ళెంలో ఇంకో రెండు చేపలు వేసింది.

“మిగతావి నేనే తీసెయ్యగలను తాతా. తియ్యలేదు. మీ ఇంటికొచ్చి అడగ్గలను. మన దగ్గర అలా అడగరు కదా. అందుకే దానికి చెప్పాను, జలుబు చేసిందమ్మా, తాత దగ్గరికి తీసుకెళ్ళు, ఆయనే చేశాడు కాబట్టి ఆయనే బాగుచేస్తాడు అని. ఎవరూ ఏమీ అనకుండానే సరిపోతుందనుకున్నా.” పళ్ళెం నా చేతిలో పెట్టింది. “శనివారం పొద్దున్నే లేచి జడ వేయించుకునేది. ఇవాళ తగ్గుతుందమ్మా, అనేది.”

ఆమె గొంతులో కోపం ఉందేమోనని వెతుక్కున్నాను. ఉంటే బతికిపోయేవాణ్ణి.

“క్షమించమ్మా” అన్నాను. నా జీవితంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

“తినండి, చల్లారిపోతుంది” అంది ఇలారియా, ఇంకొకరికి వడ్డించడానికి వెళ్ళిపోయింది.

తిన్నాను. తినకపోతే పోయినవాళ్ళకి అవమానం. కన్నీళ్ళు పళ్ళెంలో పడుతున్నా తిన్నాను. లుస్మిలా ఇంకా ఊదుతూనే ఉంది. ఆర్కా రావలసిన ప్రతి చోటా ఆగుతోంది. నాకు చెవులున్నాయి, ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు. అది ఒక రవ్వ ఎక్కువసేపే ఆగి, అప్పుడు అందుకుంటోంది.